తాళం సరే, చెవి ఎవరి దగ్గర?

1969 డిసెంబరులో, సైగాన్‌కు ఉత్తరాన ఉన్న బిన్ డువాంగ్ ప్రాంతంలో అమెరికా పదాతి దళం ఒకటి నేలమాళిగలో నడుస్తున్న చిన్న స్థావరాన్ని పట్టుకుంది. లోపల దొరికిన సరుకులో విలువైనవి తుపాకులు కావు, రేడియో రిసీవర్లు, చేతిరాతతో నిండిన పుస్తకాలు. ఆ రాత వియత్నామీస్‌లో లేదు, ఇంగ్లీషులో ఉంది. అమెరికా సైనికులు రోజూ తమలో తాము రేడియోలో చెప్పుకున్న మాటలు పొల్లుపోకుండా ఎక్కించి ఉన్నాయి. సిపాయిలు తమకు తోచినట్టు అల్లుకున్న సంకేత పదాలకు అర్థాలు కూడా ఆ వినేవాళ్ళు ఎప్పుడో తేల్చేశారు. అమెరికా దగ్గర గుట్టుగా మాట్లాడే యంత్రం లేక ఇలా జరిగిందా అంటే అదీ కాదు. నెస్టర్ కుటుంబానికి చెందిన కేవై-38 అనే పెట్టె అప్పటికే యుద్ధభూమిలో ఉంది, దాని రహస్య లిపికి ఢోకా లేదు. వచ్చిన చిక్కల్లా బరువుతోనే. వీపున మోసే రేడియోతో కలిపితే ఆ సరంజామా సుమారు 24 కిలోలు. ఎండలో, బురదలో నడిచే సిపాయి ఆ పెట్టెను శిబిరంలో వదిలేసి, అంత బరువుకు సరిపడా నీళ్ళూ తూటాలూ మోసుకెళ్ళాడు. అతన్ని తప్పు పట్టడం కుర్చీలో కూర్చున్నవాడికి చాలా తేలిక.

వైర్‌లెస్ సెన్సార్ల మాటలు పరాయి చెవిన పడకుండా కాపాడే ప్రయత్నాల చరిత్ర రాయాలంటే ఆ 24 కిలోల దగ్గరే మొదలుపెట్టాలి. ఈ విషయం మీద వచ్చే రచనల్లో ఎక్కువ భాగం లిపుల బలాబలాల గురించి ఉంటాయి: ఏ గణితం గట్టిది, ఏది పగిలింది అని. ఆ కథ నిజమే కానీ అసలు కథ అది కాదని నా వాదన. గడిచిన అరవై ఏళ్ళలో సెన్సార్ల గుట్టు రట్టయిన సందర్భాలు తిరగేస్తే, తాళం బలహీనమై తెరుచుకున్నవి తక్కువ. తాళం మోయలేమని వదిలేసినవి, మోయగలిగిన రోజు వచ్చాక దాని చెవిని గుమ్మం పైనే పెట్టినవి ఎక్కువ. మన భాషలో కీ అనే వస్తువును తాళంచెవి అంటాం. తాళానికి ఒక చెవి ఉంటుందనీ, గోడకూ చెవులుంటాయనీ చెప్పుకునే భాషకు ఈ కథ కొత్తగా నేర్పవలసింది పెద్దగా లేదు.

అదే వియత్నాం యుద్ధంలో, అదే సైన్యం, అడవిలో చెవులు నాటే పని కూడా పెట్టుకుంది. ఉత్తర వియత్నాం నుంచి లావోస్ అడవుల మీదుగా దక్షిణానికి సాగే హో చి మిన్ బాటను బాంబులతో మూయలేమని తేలాక, 1966 వేసవిలో జేసన్ అనే శాస్త్రవేత్తల బృందం ఎలక్ట్రానిక్ అడ్డుగోడ ఆలోచనకు రూపం ఇచ్చింది. రక్షణ మంత్రి రాబర్ట్ మెక్‌నమారా 1967 సెప్టెంబరులో దాన్ని బహిరంగంగా ప్రకటించాడు. ఆ ఏడాది చివరికల్లా లావోస్ మీద సెన్సార్లు పడడం మొదలైంది. తర్వాత ఈ పథకానికి ఇగ్లూ వైట్ అనే పేరు స్థిరపడింది. విమానం నుంచి జారవిడిచే ఏడ్‌సిడ్ అనే పరికరం మేకులాగా నేలలోకి దిగబడేది. పైకి కనిపించేది దాని ఏంటెన్నా ఒక్కటే, అదీ అడవి మొక్క కొమ్మలా మలిచినది. నేల అదిరితే అది కబురు పంపేది. అకూబోయ్ అనే ఇంకొకటి పారాచూట్‌తో చెట్టు కొమ్మల్లో వేలాడుతూ కింది చప్పుళ్ళు వినేది. సముద్రంలో జలాంతర్గాముల్ని వినడానికి నౌకాదళం చేసిన తేలియాడే పరికరాలే దానికి పూర్వీకులు. ఈ కబుర్లను ఆకాశంలో తిరుగుతున్న ఈసీ-121 విమానం అందుకుని, థాయ్‌లాండ్‌లోని నఖోన్ ఫనోమ్ కేంద్రానికి అందించేది. అక్కడ ఐబీఎం కంప్యూటర్లు లారీల వేగాన్నీ దిశనూ లెక్కగట్టేవి. వాడకంలో పెద్ద ఎత్తున నడిచిన మొదటి వైర్‌లెస్ సెన్సార్ నెట్‌వర్క్ ఇదేనంటే పొరపాటు కాదు. సముద్రం అడుగున అంతకు ముందే వినే ఏర్పాట్లున్నా వాటికి తీగలుండేవి.

ఆ పరికరాలు పంపిన కబుర్లు సాదా రేడియో కబుర్లు. రూపకర్తల బుర్రలు వేడెక్కింది బ్యాటరీ ఎన్ని వారాలు వస్తుంది, కింద పడ్డప్పుడు పగలకుండా ఎలా ఉంటుంది, ఏంటెన్నా మొక్కలా కనిపిస్తుందా అనే ప్రశ్నల మీద. గుట్టు విషయం ఆ వరుసలో వెనక పడడానికి ఒక కారణం ఊహించడం కష్టం కాదు. సెన్సార్ చెప్పేదల్లా ఇక్కడ ఏదో కదిలింది అనే ముక్క. కదిలినవాడికి ఆ సంగతి ముందే తెలుసు. వాడు మన కబురు వింటే ఏం పోయింది? వినడానికి బాగానే ఉన్న ఈ తర్కం తర్వాతి అర్ధ శతాబ్దం పాటు కొత్త కొత్త వేషాల్లో తిరిగి వచ్చింది కనుక దీన్ని కొంచెం నిదానంగా చూడాలి. కదిలినవాడికి తాను కదిలిన సంగతి తెలుసు, నిజమే. తనను వింటున్న చెవి ఎక్కడుందో మాత్రం తెలియదు. పరికరం నోరు విప్పిన ప్రతిసారీ తన ఉనికిని తానే చాటుకుంటుంది. చెవి ఎక్కడుందో తెలిసినవాడు దాని ముందు నుంచి తప్పుకోవచ్చు, లేదా దాని ముందు నిలబడి అబద్ధం చెప్పవచ్చు. మనుషుల ఒంటి వాసన పట్టే అమెరికా యంత్రాలను బోల్తా కొట్టించడానికి వియత్నామీయులు మూత్రం నింపిన కుండలను చెట్లకు వేలాడదీసేవారని ఆ యుద్ధం గురించి రాసినవాళ్ళు చెబుతారు. యంత్రానికి అక్కడో పటాలం ఉన్నట్టు తోచేది, అడవిలో కుండ మాత్రం గాలికి ఊగేది. మాట వినడమూ మాటను వంచించడమూ ఒకే తాటి రెండు కొసలన్న పాఠం ఇక్కడే దొరికింది, కానీ పుస్తకాలకెక్కడానికి ముప్పై ఏళ్ళు పట్టింది.

మధ్యలో గడిచిన కాలాన్ని త్వరగా దాటేయవచ్చు. 1980ల్లో అమెరికా రక్షణ పరిశోధన సంస్థ డార్పా, చెదిరి ఉన్న సెన్సార్లను కంప్యూటర్ నెట్‌వర్కుగా కలిపే పథకం నడిపింది. అప్పటి సెన్సార్ కేంద్రం ఒక్కోటి బండిలో మోయవలసినంత పెద్దది. దానిపై తాళం వేయడానికి చోటుకు కొదవ లేదు కానీ, అది ప్రయోగశాల దాటి బజారుకు రాలేదు. కథ మళ్ళీ ఊపందుకున్నది 1990ల చివర, కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో. క్రిస్ పిస్టర్ అనే ఆచార్యుడు ధూళి కణమంత సెన్సార్లు చేయాలని కలగని, ఆ పథకానికి స్మార్ట్ డస్ట్ అని పేరు పెట్టాడు. అక్కడ తయారైన ఒక్కో పరికరాన్ని మోట్ అన్నారు. మన మాటలో నలుసు. కంట్లో పడేంత చిన్నవి కాకపోయినా, రెండు పెన్సిల్ బ్యాటరీల మీద నెలల తరబడి బతకాల్సిన నలుసులవి.

ఆ నలుసు ఎంత పేదదో చెప్పకపోతే తర్వాతి వాదనలు అర్థం కావు. 2001లో ఎడ్రియన్ పెరిగ్, డేవిడ్ కల్లర్, డగ్ టైగర్ మొదలైనవాళ్ళు స్పిన్స్ పేరుతో ప్రచురించిన పరిశోధనలో దాని ఆస్తిపాస్తుల పట్టిక ఉంది. నాలుగు మెగాహెర్ట్జ్ వేగంతో నడిచే ఎనిమిది బిట్ల ప్రాసెసర్. ప్రోగ్రాం దాచుకోవడానికి 8 కిలోబైట్లు, అందులో 3,500 బైట్లు టైనీఓఎస్ అనే నిర్వహణ వ్యవస్థే తినేస్తుంది. పని చేసుకోవడానికి 512 బైట్ల ర్యామ్. నేటి యూనికోడ్ పద్ధతిలో తెలుగు అక్షరానికీ, దాని గుణింతపు గుర్తుకూ చెరో మూడు బైట్లు కావాలి. అంటే ఈ పేరాలోని రెండు మూడు వాక్యాలు రాసేసరికి ఆ నలుసు జ్ఞాపకశక్తి మొత్తం నిండిపోతుంది. ఇంటర్నెట్‌లో బ్యాంకులు అప్పట్లో వాడుతున్న ఆర్ఎస్ఏ పద్ధతిలో ఒక్క తాళంచెవికే 1,024 బిట్లు, అంటే 128 బైట్లు పోతాయి. నలుసుకున్న ఆస్తిలో నాలుగో వంతు. ఇంత బీదదానికి గుట్టు భాగ్యం ఎక్కడిది అన్నది నాటి ఇంజనీర్ల ప్రశ్న, అన్యాయమైన ప్రశ్నేమీ కాదు.

స్పిన్స్ రచయితలు ఆ ప్రశ్నకు వాదనతో కాక కొలతతో జవాబిచ్చారు. ఇరు పక్షాలకూ ముందే తెలిసిన తాళంచెవితో నడిచే తేలికపాటి లిపిని ఆ 4,500 బైట్ల ఖాళీలో ఇమిడ్చి, ఖర్చు లెక్క రాశారు. లిపి లెక్కలు చేయడానికి అయ్యే కరెంటు మొత్తం ఖర్చులో రెండు శాతం దగ్గర తేలింది. అసలు ఖర్చంతా రేడియోది. కబురు అసలుదో నకిలీదో తేల్చడానికి దానికి తోకలా తగిలించే సరిచూపు బైట్లను గాలిలోకి పంపడానికే బ్యాటరీ కరుగుతుంది. తాళం వేయడం భారం అని అందరూ అనుకున్నచోట, భారం తాళానిది కాదు, మాటదే అని తేలింది. పొదుపుగా మాట్లాడే నెట్‌వర్కు గుట్టుగానూ మాట్లాడగలదు. 2004లో క్రిస్ కార్లాఫ్, నవీన్ శాస్త్రి, డేవిడ్ వాగ్నర్ తెచ్చిన టైనీసెక్ ఈ లెక్కను ఇంకా బిగించింది. రహస్యమూ సరిచూపూ రెండూ కలిపినా ఒక్కో ప్యాకెట్‌కు పెరిగేది అయిదు బైట్లు, అదనపు ఖర్చు పది శాతం లోపు. వాళ్ళ సరిచూపు గుర్తు కేవలం నాలుగు బైట్లదని ఎవరైనా ముక్కు విరవవచ్చు. దానికి వాళ్ళిచ్చిన సమాధానం నాకు ఇప్పటికీ ముచ్చటగా అనిపిస్తుంది. ఆ రేడియో సెకనుకు 19.2 కిలోబిట్లే మోయగలదు. ఎంత మొండి దొంగయినా ఆ సన్నని దారిలో సెకనుకు నలభై దొంగ కబుర్లకు మించి పంపలేడు. ఊహ తగలడానికి సగటున ఇరవై నెలలు పైగా పడుతుంది. ఆలోపు బ్యాటరీలే చచ్చిపోతాయి. పేదరికమే కాపలా కాసిందన్నమాట.

టైనీసెక్ వాడుకున్న లిపి పేరు స్కిప్‌జాక్. ఇక్కడ కొంచెం పక్కకు తొంగిచూడాలి. స్కిప్‌జాక్‌ను తయారు చేసింది అమెరికా జాతీయ భద్రతా సంస్థ ఎన్ఎస్ఏ, అంటే ప్రపంచంలో చాటుగా వినడమే వృత్తిగా పెట్టుకున్న వాటిలో అతి పెద్ద సంస్థ. 1993లో క్లింటన్ ప్రభుత్వం తెచ్చిన క్లిప్పర్ చిప్‌లో ఈ లిపే ఉంది. ఫోన్ సంభాషణను అది గుట్టుగా ఉంచుతుంది, కానీ తాళంచెవి నకలు ప్రభుత్వం దగ్గర భద్రంగా ఉంటుంది. జనం ఒప్పుకోలేదు, చిప్ మూలన పడింది. 1998లో స్కిప్‌జాక్ లిపి బహిరంగమైంది. చిన్న ప్రాసెసర్ మీద చులాగ్గా నడుస్తుంది కనుక నలుసులకు అతికింది. దాని తాళం మీద ఫిర్యాదు చేసినవాళ్ళు నాడు పెద్దగా లేరు, చెవి ఎవరి దగ్గర ఉండాలన్నదే గొడవ. వినే సంస్థ చేసిన తాళమే, చెవి చేతులు మారాక, వినకుండా కాపాడింది. లిపి బలం ఒక సంగతి, చెవి పెత్తనం వేరే సంగతి అనడానికి ఇంతకన్నా తేటైన ఉదాహరణ నాకు కనిపించదు.

ఇక అసలు చిక్కు ముడి. వందలాది నలుసుల్ని పొలంలోనో అడవిలోనో చల్లుతాం. వాటికి తాళంచెవులు ఎవరివ్వాలి, ఎలా ఇవ్వాలి? అన్నిటికీ ఒకే చెవి ఇవ్వడం సులువు. టైనీసెక్ వాడకంలో మామూలుగా జరిగిందీ అదే: ప్రోగ్రాం రాసేవాడి కంప్యూటర్లో ఒక ఫైలు, అందులోని చెవి ప్రతి నలుసులోకీ ఎక్కుతుంది. అయితే నలుసు ఆరుబయట పడి ఉంటుంది. ఒక్కదాన్ని ఎత్తుకెళ్ళి విప్పినవాడికి ఊరంతటి తలుపులూ తెరుచుకుంటాయి. పోనీ జంటకొక చెవి ఇద్దామంటే వెయ్యి నలుసులున్న చోట ఒక్కోటీ 999 చెవులు మోయాలి, ర్యామ్ 512 బైట్లు. 2002లో లారెంట్ ఎషెనావర్, వర్జిల్ గ్లిగోర్ దీనికి జూదపు లెక్కతో దారి చూపారు. పదివేల తాళంచెవుల గుత్తి ఒకటి తయారు చేసి, అందులోంచి గుడ్డిగా 83 తీసి ఒక్కో నలుసుకు ఇస్తే చాలు. ఏ రెండు నలుసులు ఎదురుపడ్డా వాటి దగ్గర ఒక్క చెవైనా ఉమ్మడిగా ఉండే అవకాశం సగానికి సగం. కలవని జంట మధ్యలో ఇంకో నలుసును పట్టుకుని మాట కలుపుతుంది. సంబంధాలు చూసే పెళ్ళిళ్ళ పేరయ్య పని లాంటిది. ఇంతలో 2004లో హార్వర్డ్‌లో డేవిడ్ మాలన్ బృందం, ఆర్ఎస్ఏ లాంటి బహిరంగ తాళంచెవి పద్ధతి నలుసుకు అసాధ్యమన్న మాటనూ కొట్టేసింది. దీర్ఘవృత్త వక్రరేఖల గణితంతో మైకా-2 అనే నలుసు మీద ఒక చెవిని 34 సెకన్లలో పుట్టించి చూపారు. 34 సెకన్లు కంప్యూటర్‌కు యుగమే, కానీ ఏడాదిలో ఒకటి రెండు సార్లు చేసే పనికి అదేమంత ఎక్కువ కాదు.

అంటే 2004 నాటికే తాళం మోయలేమన్న సాకు కాగితం మీద చెల్లిపోయింది. అదే రోజుల్లో బజారులోనూ చెల్లిపోయింది. 2003లో తక్కువ కరెంటుతో నడిచే రేడియోల కోసం ఐఈఈఈ 802.15.4 ప్రమాణం వచ్చింది, దాని మీద ఇంటి పరికరాలను కలిపే జిగ్‌బీ ప్రమాణం నిలబడింది. ఈ ప్రమాణం ప్రకారం చేసిన రేడియో చిప్‌లలో 128 బిట్ల ఏఈఎస్ లిపి సిలికాన్‌లోనే చెక్కి ఉంటుంది. బ్యాంకులూ ప్రభుత్వాలూ నమ్మే లిపి అది. దాన్ని బద్దలుకొట్టే దారి నేటికీ ఎవరికీ దొరకలేదు. మరి జిగ్‌బీ ఇళ్ళలో బల్బుల మాటలు, తలుపు సెన్సార్ల మాటలు పక్కింటివాడు వినడం ఎలా సాధ్యమైంది? కొత్త బల్బు ఇంటి నెట్‌వర్కులో చేరేటప్పుడు దానికి ఆ ఇంటి తాళంచెవి అందించాలి. గాలిలో బట్టబయలుగా పంపకూడదు కనుక దాన్ని మరో తాళంలో పెట్టి పంపుతారు. ఆ రెండో తాళం చెవి ప్రపంచంలోని లక్షల పరికరాలకు ఒక్కటే. ఇంగ్లీషు అక్షరాలూ అంకెలూ కలిపి పదహారు గుర్తుల మాట అది: జిగ్‌బీఅలయన్స్09. పేరు పక్కన ఒక అంకె చేర్చి పాస్‌వర్డ్ అనిపించుకునే మన అలవాటును ఒక అంతర్జాతీయ ప్రమాణ సంస్థ కూడా పాటించిందంటే ఏమనాలి! బల్బు చేరే ఆ కొద్ది క్షణాలు ఎవడు చెవి ఒగ్గి ఉంటే వాడికి ఇంటి తాళంచెవి దొరికినట్టే. ఆ క్షణం దాకా కాచుకోనక్కర్లేదు కూడా. రేడియోను చెడగొట్టి విసిగిస్తే, ఇంటాయన తనంతట తానే పరికరాన్ని మళ్ళీ కలుపుతాడు. 2009లో జాషువా రైట్ కిల్లర్‌బీ పేరుతో విడుదల చేసిన ఉచిత పనిముట్లతో ఈ వినికిడి విద్యార్థుల స్థాయికి దిగివచ్చింది.

దీన్ని సమర్థించేవాళ్ళ వాదన తేలిగ్గా తీసిపారేయదగ్గది కాదు. బల్బు కొన్న మనిషి ఇంటికెళ్ళి, స్విచ్ వేసి, ఫోన్లో ఒక్క మీట నొక్కి వెలుగు చూడాలనుకుంటాడు. ఏ సంస్థ బల్బయినా, ఇంటి పరికరాలను నడిపించే హబ్ అనే పెట్టె ఏ సంస్థదైనా, దానితో కలవాలి. విడివిడి తాళంచెవులు ఇవ్వాలంటే ఫ్యాక్టరీలో ఒక్కోదానికి వేరుగా ముద్రించాలి, కొన్నవాడు దాన్ని చూసి ఎక్కించాలి, తప్పు కొడితే సేవా కేంద్రానికి ఫోన్ చేస్తాడు. వెలగని బల్బు ఎంత భద్రంగా ఉంటే ఎవరికి లాభం? ఇందులో నిజం ఉంది, నేను కాదనను. కాకపోతే ఆ ప్రమాణ సంస్థే అదే రోజుల్లో తన వాదనకు తానే ఎదురు సాక్ష్యం ఇచ్చింది. కరెంటు కంపెనీల మీటర్ల కోసం తెచ్చిన స్మార్ట్ ఎనర్జీ ప్రమాణంలో, ప్రతి పరికరానికీ ఫ్యాక్టరీలోనే విడి ఇన్‌స్టాల్ కోడ్ ఇచ్చి, దాని నుంచి విడి తాళంచెవి పుట్టించే ఏర్పాటు చేసింది. అక్కడ ఆ కోడ్ ఎక్కించే పని కంపెనీ పంపే సిబ్బందిది, జీతం కంపెనీది, నష్టం వచ్చినా కంపెనీదే. బల్బు దగ్గర ఆ పని మనది, నష్టం కూడా మనదే. కనుక చేతకాకపోవడం కాదు ఇక్కడ జరిగింది. ఆ 24 కిలోలు ఎవరి వీపున పడతాయన్న లెక్క జరిగింది. సిపాయి తన బరువు తానే దించుకున్నాడు, అపాయం కూడా తానే మోశాడు. ఇక్కడ బరువు దించుకున్నవాడు ఒకడు, అపాయం మోస్తున్నవాడు మరొకడు.

ఉమ్మడి తాళంచెవికి పట్టే గతి ఏమిటో 2016లో ఇంకోసారి బయటపడింది. ఎయాల్ రోనెన్, ఆది షమీర్, కాలిన్ ఓఫ్లిన్, అకీ ఒర్ వైన్‌గార్టెన్ ఫిలిప్స్ హ్యూ బల్బుల మీద పరిశోధన చేశారు. బల్బులోని ప్రోగ్రాంను కొత్తది చేయడానికి వాడే తాళంచెవి ఆ రకం బల్బులన్నిటికీ ఒక్కటే. చిప్ పని చేస్తున్నప్పుడు అది పీల్చే కరెంటు హెచ్చుతగ్గుల్ని కొలిచి దాన్ని రాబట్టారు. ఏఈఎస్ గణితానికి గీటు కూడా పడలేదు. ఆ తర్వాత బల్బు నుంచి బల్బుకు అంటుకునే పురుగు తయారు చేయవచ్చని, డ్రోన్ మీద రేడియో పెట్టి భవనం బల్బుల్ని బయటి నుంచే లొంగదీయవచ్చని చూపించారు. ఫిలిప్స్ ఆ లోపాన్ని సరిదిద్దింది. ఇక్కడ వినడం దాటి ఆజ్ఞాపించడం దాకా వెళ్ళారు. వేలాడిన కుండల దగ్గర చెప్పిన ఒకే తాటి రెండో కొస ఇదే.

రెండో అభ్యంతరం మొదటిదానికన్నా పాతది, వియత్నాం నాటిది: సెన్సార్ చెప్పే ముచ్చట్లలో దాచేంత ఏముంది? 2002 వేసవిలో బర్క్‌లీ బృందం మెయిన్ రాష్ట్ర తీరానికి దగ్గర్లోని గ్రేట్ డక్ దీవిలో 32 నలుసులు పెట్టి, సముద్ర పక్షుల బొరియల్లో వేడినీ తేమనూ కొలిచింది. పక్షి గూటిలో ఎంత ఉక్కగా ఉందో పక్కవాడు వింటే ప్రపంచం మునగదు. ఆ మాట ఒప్పుకుంటాను. కానీ ఆ సాంకేతికత ఆ గూట్లోనే ఆగిపోలేదు. అమెరికాలో టైర్లు పేలి ప్రమాదాలు జరిగాక 2000లో వచ్చిన చట్టం వల్ల, 2008 మోడల్ నుంచి కార్లన్నిటికీ టైర్ల గాలి కొలిచే సెన్సార్లు తప్పనిసరి అయ్యాయి. చక్రం లోపల ఉండే ఆ సెన్సార్ రేడియోలో గాలి లెక్క చెబుతూ, తన సొంత 32 బిట్ల గుర్తింపు సంఖ్యనూ చెబుతుంది. 2010లో రట్గర్స్, సౌత్ కరోలినా విశ్వవిద్యాలయాల పరిశోధకులు పరీక్షించి చూస్తే, ఆ కబుర్లకు తాళమూ లేదు, సరిచూపూ లేదు. దారి పక్కన నిలబడి నలభై మీటర్ల దూరం నుంచి వినగలిగారు. టైరులో ఎంత గాలుందో ఎవడికీ అక్కర్లేదు. ఫలానా సంఖ్య గల చక్రం ఫలానా వీధిలో ఫలానా వేళ తిరిగిందన్న సంగతి అక్కర్లేనివాడు మాత్రం తక్కువ. ఇప్పుడు మన ఊళ్ళలో అమ్ముడుపోయే కార్లలోనూ ఈ సెన్సార్లు వస్తున్నాయి.

కరెంటు మీటరు సంగతి ఇంకా ముందే తెలుసు. 1980ల్లో ఎంఐటీలో జార్జ్ హార్ట్ ఇంటి బయట కరెంటు వాడకాన్ని కొలిచి, లోపల ఏ పరికరం ఎప్పుడు నడిచిందో విడదీసి చెప్పే పద్ధతి కనిపెట్టాడు. ఫ్రిజ్‌కు ఒక అడుగు, హీటర్‌కు ఒక అడుగు, నడకను బట్టి మనిషిని గుర్తుపట్టినట్టు. తన పద్ధతి ఇళ్ళ మీద నిఘాకు పనికొస్తుందని 1989లో తానే హెచ్చరిస్తూ వ్యాసం రాశాడు. ఎప్పుడు లేచారు, ఎప్పుడు పడుకున్నారు, పండక్కి ఊరెళ్ళారా అనే ఇంటి గుట్టంతా ఆ అంకెల్లో ఉంటుంది. అంకెకు విలువ అది కొలిచిన వస్తువు నుంచి రాదు, వినేవాడి ఓపిక నుంచి వస్తుంది. ఒక్క రోజు అంకె చప్పగా ఉంటుంది, ఏడాది అంకెలు కలిస్తే కుటుంబ చరిత్ర.

మూడో అభ్యంతరం నిపుణులది, అన్నిటికన్నా పదునైనది. కబురును ఎంత గట్టి తాళంలో పెట్టినా, కబురు బయల్దేరిందన్న సంగతి దాగదు కదా అంటారు. 2004, 2005ల్లో పాండురంగ్ కామత్, సెలాల్ ఒజ్‌టర్క్, యాన్‌యాంగ్ జాంగ్, వేడ్ ట్రాపే దీన్ని పాండా, వేటగాడు అనే ఆటగా చూపారు. అడవిలో పాండాను కాపాడడానికి సెన్సార్లు పెట్టారు. పాండా కనిపించిన చోటి సెన్సార్ కబురు పంపుతుంది, చేయి చేయి మారి అది కేంద్రానికి చేరుతుంది. వేటగాడు కేంద్రం దగ్గర నిలబడి, ప్రతి కబురూ ఏ దిక్కు నుంచి వచ్చిందో చూస్తూ ఒక్కో అడుగు వెనక్కి నడుస్తాడు. కబురులో ఏముందో వాడికి తెలియనక్కర్లేదు, నడిచి నడిచి పాండా దగ్గరికే చేరుతాడు. కాపాడడానికి పెట్టిన చెవే దారి చూపింది. విరుగుడుగా వాళ్ళు కబురును మొదట దారి తప్పించి, కాసేపు గాలికి తిప్పి, అప్పుడు కేంద్రానికి పంపే ఉపాయం చెప్పారు. దానికి అదనపు బ్యాటరీ అవుతుంది, ఆ ఖర్చు లిపి ఖర్చుకన్నా ఎక్కువ. కనుక తాళాలన్నీ వృథా అని తేల్చేవాళ్ళతో నేను ఏకీభవించను. వేటగాడికి అన్ని రోజులు నడవవలసి రావడమే తాళం సాధించిన విజయం. తాళం లేకపోతే వాడు కేంద్రం దగ్గర కుర్చీ వేసుకుని పాండా చిరునామా చదువుకునేవాడు. అయితే ఈ అభ్యంతరం నా వాదనకు ఒక హద్దు గీస్తుంది, దాన్ని ఒప్పుకోవాలి: తాళంచెవి పంపకం బాగుపడినంత మాత్రాన అంతా బాగుపడదు. మాట దాచవచ్చు, మాట్లాడామన్న సంగతి దాచడం దానికన్నా ఖరీదైన పని.

ఈ మధ్య తాళం ఇంకోసారి మెరుగుపడింది. చిన్న పరికరాల కోసమే తేలికపాటి లిపి కావాలని అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ పోటీ పెట్టి, ఏళ్ళ పరీక్షల తర్వాత 2023 ఫిబ్రవరిలో ఆస్కాన్ అనే లిపిని ఎంచుకుంది, 2025లో ప్రమాణంగా ప్రకటించింది. మంచిదే. కానీ ఆస్కాన్ రాకముందు కూడా తాళం కొరత వల్ల చెడిన ఇల్లు నాకు ఈ చరిత్రలో పెద్దగా కనిపించలేదు. చెవి ఎవరు పంచాలి, ఆ శ్రమ ఎవరిది అన్న ప్రశ్నకు ఏ లిపిలోనూ జవాబు ఉండదు. అది కొనేవాడికీ అమ్మేవాడికీ ప్రమాణం రాసేవాడికీ మధ్య తేలాల్సిన లెక్క.

2016 నుంచి వచ్చిన జిగ్‌బీ 3.0 పరికరాలన్నీ ఇన్‌స్టాల్ కోడ్‌ను అర్థం చేసుకోగలగాలన్నది నియమం. దాన్ని తప్పనిసరిగా అడగాలా వద్దా అన్నది మాత్రం హబ్ చేసేవాళ్ళ ఇష్టానికి వదిలేశారు. పాత పరికరాలు కలవాలన్న సాకుతో జిగ్‌బీఅలయన్స్09 తలుపు చాలా హబ్‌లలో ఇంకా తెరిచే ఉంది. ఈసారి కొత్త సెన్సార్ కొన్నప్పుడు డబ్బా మీద గానీ పరికరం వెనక గానీ ఇన్‌స్టాల్ కోడ్ ముద్రించిన స్టిక్కర్ ఉందేమో చూడండి. ఉంటే, మీ హబ్ ఒప్పుకుంటే, ఒక్క మీటతో కలపకుండా ఆ కోడ్‌తోనే కలపండి. స్టిక్కర్‌ను డబ్బాతో పాటు చెత్తలో పారేయకండి.